యారాలు పంపిన చీజు

మా యారాలంటే నాకు మొదటి నుంచీ అసూయే. తోడికోడలిని మా వైపు యారాలు అంటారు. ఆమె మా బావ భార్య, వయసులో నాకన్నా ఆరేడేళ్లు పెద్దది. ఎదురుగా అక్కా అని పిలిచేదాన్ని. మనసులో ఏమని పిలిచేదాన్నో ఇక్కడ రాయను. మనిషి చెడ్డది కాదు. చెడ్డదై ఉంటే నా ప్రాణానికి హాయిగా ఉండేది, తిట్టుకోవడానికి ఒక సాకైనా దొరికేది. వచ్చిన ప్రతిసారీ నాకు గాజులు తెచ్చేది, నవ్వుతూ మాట్లాడేది, నా వంట బాగుందనేది. అలాంటి మనిషిని చూసి కుళ్లుకోవడం ఎంత కష్టమో కుళ్లుకున్నవాళ్లకే తెలుస్తుంది.

మా బావకు కుప్పం రైల్వే స్టేషన్లో ఉద్యోగం. వాళ్లకు క్వార్టర్సు, ఇంట్లో కొళాయి, నెల తిరిగేసరికి జీతం. మేము పుంగనూరులో అత్తతోపాటు ఉండేవాళ్లం. మాకు వానను నమ్ముకున్న చేను, రెండు ఎద్దులు, ఒక ఆవు. ఆమె ఏడాదికి రెండు మూడు సార్లు పుంగనూరు వచ్చేది. ఇస్త్రీ చీరతో బస్సు దిగేది. ఆమె రాగానే మా అత్త చాప పరిచి, ఉట్టి మీద నుంచి నెయ్యి గిన్నె దించేది. రోజూ ఆ ఉట్టి కింద నిలబడి వండేదాన్ని నేను. నాకు ఆ గిన్నె ఏ రంగో కూడా సరిగా తెలియదు. మా ఆయనైతే ఆమె చాపమీద కూర్చునే తీరును కూడా మెచ్చుకునేవాడు. "వదిన సూడు, ఎంత పద్ధతిగా ఉంటాదో" అనేవాడు. నా చేతులకు పేడ అంటుకుని ఉండేది. పద్ధతిగా కూర్చునే తీరిక నాకెక్కడిది?

ఆమెకు పిల్లలు లేరు. ఆ ఒక్క మాటతో నా అసూయ చల్లారిపోవాలని అందరూ అనుకునేవారు. జాలి లేదని కాదు, ఉండేది. కాని నా కడుపులో జాలి ఒక పక్క, అసూయ ఒక పక్క, రెండూ తగవు లేకుండా కాపురం చేసేవి.

అసలు మంట ఎక్కడంటే మా పాప దగ్గర. మాకు ఒక్కతే కూతురు. డెబ్బయిల మధ్యలో పుట్టింది. మాటలు వచ్చీరానప్పుడు నన్ను "మా" అని ముక్కతో సరిపెట్టేది గాని, ఆమెను మాత్రం నిండుగా "పెద్దమ్మా" అనేది. ఆమె వచ్చి రెండు రోజులుండి పోతే, పాప వారం పాటు నా చేతి ముద్ద సరిగా తినేది కాదు. "పెద్దమ్మ కలిపినట్ల కలుపు" అనేది. పెద్దమ్మ ఎట్లా కలుపుతుందో నేను తలుపు సందులోంచి కూడా చూశాను. నాలాగే ఐదు వేళ్లతోనే కలిపేది.

పాపకు మూడేళ్లు నిండాక తట్టు పోసింది. తట్టు తగ్గింది గాని పిల్ల కోలుకోలేదు. కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. నాలుగడుగులు వేసి కూర్చుండిపోయేది. పాలు పడితే గంటలోపు కక్కేసేది, లేకుంటే కడుపు ఉబ్బి విరేచనాలయ్యేవి.

మాది పుంగనూరు ఆవు. నడుము ఎత్తు కూడా ఉండదు. ఇచ్చేది తక్కువే అయినా, ఆ పాలు కాచితే మీద పట్టిన మీగడ గరిటెను వదిలేది కాదు. మా అత్తకు ఆ ఆవంటే కొడుకులకన్నా ఎక్కువ. "మా ఆవు పాలు తాగినోళ్లు సన్నంగా ఉండేది ఈ పుంగనూరులో సూపియ్యండి" అని వీధిలో సవాలు చేసేది. ఇప్పుడు సొంత మనవరాలే సన్నంగా గుమ్మంలో కూర్చుని ఉంది. అత్త పాపనూ ఆవునూ మార్చి మార్చి చూసేది.

చివరికి నేనూ అత్తా పాపను ఎత్తుకుని బస్సెక్కి మదనపల్లె పోయాం. అక్కడ పిల్లల్ని చూసే పెద్ద వయసు డాక్టరమ్మ ఒకామె ఉండేది. ఆమె పాప కనురెప్ప దించి చూసింది, చేతులూ కాళ్లూ నొక్కి చూసింది, తక్కెడలో తూచింది. తర్వాత నన్ను కూర్చోమని నెమ్మదిగా చెప్పింది.

"ఈ పాపకు ఇప్పుడు పాలు అరగవమ్మా. పాలల్లో తీపి ఉంటుంది, అదే పడడం లేదు. కాని పాలల్లో ఉండే బలం మాత్రం కావాలి. ఎముకకు సున్నం కావాలి, కండకు మాంసకృత్తులు కావాలి, కళ్లకూ ఒంటికీ కాస్త వెన్న కావాలి. బెంగళూరులో చీజు దొరుకుతుంది. గట్టిది, ఘాటు వాసన వచ్చేది వద్దు. మెత్తగా, కమ్మగా ఉండే రకం అడగండి. చూడడానికి మన జున్నులాగానే ఉంటుంది. పాలు విరిచి గడ్డ కట్టిస్తారు. తీపి నీళ్లతో పోతుంది, బలం గడ్డలో నిలుస్తుంది. బొటనవేలంత ముక్క తింటే గ్లాసు పాలు తాగినట్లే. ఉప్పు ఉంటుంది కాబట్టి రోజుకు అంతకు మించి పెట్టవద్దు."

గ్లాసు పాలు బొటనవేలంత ముక్కలో ఉంటాయన్న మాట నాకు బాగా నచ్చింది. బస్సులో వస్తున్నంతసేపూ నా బొటనవేలు చూసుకుంటూ వచ్చాను. ఇంటికి వచ్చి చెప్పగానే మా ఆయన ఆ సంతోషం కాస్తా చెడగొట్టాడు.

"బెంగళూరేగదా! అన్న వాళ్లకు రోజూ పోయొచ్చే రైళ్లు. వదినకు సెప్తే సాలు, తెప్పిచ్చేస్తాది."

"వద్దు" అన్నాను.

"యాల వద్దు?"

ఎందుకు వద్దో మగవాడికి ఎట్లా చెప్పాలి? పాపను నేను కన్నాను, జబ్బులో నేను మోశాను, లేచి నడిపించేది కూడా నేనే కావాలి. మిగతావన్నీ ఆమెకు ఉన్నాయి. కొళాయి ఉంది, జీతం ఉంది, అత్త దించే నెయ్యి గిన్నె ఉంది, మా ఆయన మెచ్చుకోలు ఉంది. రేపు పాప లేచి తిరిగితే, అదీ పెద్దమ్మ చలవే అంటారు. ఆ ఒక్కటి నేను ఆమెకు ఇవ్వదలుచుకోలేదు.

"నేనే ఎట్లన్నా సేసి తెప్పిస్తా" అన్నాను.

"నువ్వెట్ల తెప్పిస్తావు? పలమనేరు దాటి పోలేదే నువ్వు ఈ పొద్దుకీ!" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంతలో పెద్దమండ్యం పక్కన మా అమ్మగారి ఊళ్లో తమ్ముడికి సంబంధం ఖాయమైంది. పాపను తీసుకుని నేను అక్కడికి వెళ్లాను. నేను అటు పోగానే మా ఆయన ఇటు కుప్పానికి కబురు పెట్టాడు. మా యారాలు ఒక్క పూట కూడా ఆలస్యం చేయలేదట. బావతో చెప్పి, బెంగళూరు బండిలో వచ్చే ఒక గార్డు చేత చీజు గడ్డ తెప్పించి, పుంగనూరు వస్తున్న తెలిసినాయన చేతికిచ్చి పంపింది.

నేను తిరిగి వచ్చేసరికి మా అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మీ, మీ అక్క పంపిచ్చిండాది, బిడ్డకు బెంగళూరు జున్ను! ఇంతుండాదమ్మా, జొన్నరొట్టె అంత. పైన ఎర్రగా మైనం పూసిండారు."

మా ఆయన చేసిన పని అర్థమైంది. అయినా పాప మొహం చూసి మింగుకున్నాను. "యాడుండాది అత్తా?" అన్నాను.

"వీధికంతా పంచేస్తి" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. మా వైపు ఒక ఆచారం ఉంది. ఆవు ఈనితే మొదటి పాలతో జున్ను కాస్తాం కదా, ఆ జున్ను ఇంట్లోవాళ్లు ముందు తినకూడదు. ఇరుగూ పొరుగూ అందరికీ తలా కాస్త పెట్టాక, మిగిలింది ఇంట్లోవాళ్లు నోట్లో వేసుకోవాలి. పంచకుండా తింటే పాడి ఎండిపోతుందంటారు. దూడకు కూడా మంచిది కాదంటారు. మా అత్త ఆ మాటను పాలు గడ్డ కట్టిన ప్రతి వస్తువుకీ వర్తింపజేసింది. అందులోనూ ఇంట్లో జబ్బు పిల్ల. ఎంతమంది నోట్లో పడితే అంత దిష్టి పోతుందని లెక్క. కత్తిపీట ముందేసుకుని, గడ్డను ముక్కలు కోసి, మోదుగాకుల్లో పెట్టి, ఒక్క ఇల్లు వదలకుండా తానే తిరిగి ఇచ్చి వచ్చింది.

"మరి పాపకో?"

"బిడ్డకు తీసిపెట్టకుండా ఉంటానా? పెద్ద ముక్కే పెట్టింటి. అంతలోకి ఎదురింటామె కూతురు వచ్చె, నిండు నెలలు. వాసన సూసి, అదేంది అవ్వా, నాకింకొంచెం పెట్టవా అనె. కడుపుతో ఉండే పిల్ల నోరు తెరిసి అడిగితే ల్యాదని ఎట్ల సెప్పేది? నువ్వైనా సెప్తావా?"

నేను వాకిట్లోనే కూర్చుండిపోయాను. మూల చీపురు పక్కన ఎర్ర మైనం పెచ్చులు పడి ఉన్నాయి. అది నా ఇంటికి రాకూడదనుకున్నది నేనే. వచ్చి పోయిందని తెలియగానే బావురుమని ఏడ్చింది కూడా నేనే. ఆమె పంపిందనే మంట ఒక పక్క, ఆమె పంపింది నా పిల్లకు దక్కలేదనే మంట ఇంకో పక్క. అత్త నా ఏడుపు చూసి మొదట విసుక్కుంది, తర్వాత తాను చేసిన పని మెల్లగా తెలిసివచ్చి, చేతిలోని గిన్నె కింద పెట్టేసింది.

ఏమైనా మిగిలి ఉంటుందేమోనని వీధిలోకి వెళ్లాను. ఒక ఇంట్లో దానికి బెల్లం, ఏలక్కాయ వేసి ఆవిరికి పెట్టారట. అది జున్నులా ఉడకక, తుమ్మబంకలా తీగలు సాగి, గిన్నెకు అతుక్కుని కూర్చుంది. ఇల్లాలు ఇంకా గీకుతూనే ఉంది. ఇంకో ఇంట్లో పులగూరలో వేసి పప్పుగుత్తితో ఎనిపారు. కూర బాగుందనీ ఉప్పు మాత్రం ఎక్కువైందనీ నాకే ఫిర్యాదు చేశారు. వీధి చివర తాత ఒకాయన తన ముక్కను వక్కాకు సంచిలో దాచుకుని, అప్పుడప్పుడు చిటికెడు నములుతున్నాడు. పోయిన ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట.

"మీ యారాలు ఎంత మంచిదమ్మా! కుప్పంలో ఉండి కూడా మన వీధినంతా తలుసుకునిండాది."

పుంగనూరులో పుట్టి పెరిగినట్లు రోజూ వాళ్లతో కలిసి తిరిగేదాన్ని నేను. వాళ్ల పెళ్లిళ్లకు పిండి దంచింది నేను. పేరు మాత్రం ఆమెకు పోయింది, అదీ ఆమెకు తెలియకుండానే.

వక్కాకు తాత జాలిపడి తన సంచిలోంచి గోరంత ముక్క గిల్లి ఇచ్చాడు. దాన్ని నేను పాపకు పెట్టలేదు, నేనే నోట్లో వేసుకున్నాను. అదేమిటో నా నాలుకకు తెలియాలి. పొగాకు వాసన పోయేదాకా చప్పరించాను. పులుపు లేదు, తీపి లేదు. కాస్త ఉప్పు, వెన్నలాంటి కమ్మదనం. నమలబోతే మెత్తగా పళ్లకు ఆనింది. ఇంతేనా అనిపించింది. పెరుగును గుడ్డలో మూట గట్టి మరిచిపోతే మరునాడు అడుగున మిగిలేది ఇంచుమించు ఇలాగే ఉంటుంది. డాక్టరమ్మ చెప్పింది గుర్తుకొచ్చింది. తీపి నీళ్లతో పోతుంది, బలం గడ్డలో నిలుస్తుంది. అయితే నీళ్లు కార్చడానికి బెంగళూరు దాకా ఎందుకు?

ఆ సాయంత్రమే మా ఆయన పాత పంచె చించి, ఉడకబెట్టి ఆరేశాను. పాలు బాగా కాచి తోడు పెట్టాను. మీగడ కొంచెం తీసి, మిగతాది అందులోనే ఉండనిచ్చాను. పెరుగు గట్టిగా తోడుకున్నాక గుడ్డలో పోసి ముడి వేసి దూలానికి వేలాడదీశాను. కింద గిన్నెలో నీళ్లు చుక్కచుక్కగా పడ్డాయి. నీళ్లు ఆగిపోయాక మూటను పీట మీద పెట్టి, రోలు పొత్రం ఎత్తి పెట్టాను. మరునాటికి చేతికి మెత్తటి తెల్ల గడ్డ వచ్చింది. అందులో చిటికెడు ఉప్పు, వేయించిన చెనిక్కాయల పొడి కలిపాను. కారిన నీళ్లు పారబోయలేదు, నా రాగి సంకటిలోకి పోసుకున్నాను.

బొటనవేలంత ముద్ద చేసి రాగి రొట్టె మీద పూసి పాపకు ఇచ్చాను. సగం తిని సగం కుక్కకు వేసింది. నేను ఆ పూటంతా పిల్ల నోటివైపే చూస్తూ కూర్చున్నాను. కక్కలేదు. మరునాడు ముక్కాలు భాగం తింది. కడుపు ఉబ్బలేదు. ఆ వారం తిరిగేసరికి మూట దించే వేళకు తానే వచ్చి దూలం కింద నిలబడేది.

అంత ఓపిక నాకు ప్రేమ వల్ల వచ్చిందని చెబితే సగం అబద్ధం. ఆమె గడ్డలో ఏమేం ఉంటే అవన్నీ నా మూటలో ఉండాలి, ఇంకా ఎక్కువే ఉండాలి. ఆ పంతంతో దాంతోపాటు గుడ్డు పెట్టాను, పెసరపప్పు మెత్తగా ఉడికించి పెట్టాను, నువ్వులూ బెల్లమూ దంచి పెట్టాను. పంచె గుడ్డ రోజూ ఉతికి ఆరేస్తూ, సూడమ్మా యారాలా, సూడు, అని కుప్పం దిక్కుకు తిరిగి గొణిగేదాన్ని.

మా అత్త మాత్రం ఆ రోజు నుంచీ పిల్లిలా అయిపోయింది. నేను వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చి నా చేయి పట్టుకుంది.

"అమ్మీ, పెద్దదానికి మాత్రం సెప్పొద్దు. జబ్బు బిడ్డకు పంపిచ్చినదాన్ని అత్త ఊరికి పంచేసిందని తెలిస్తే నా మొగం యాడ పెట్టుకునేది? నీకు మొక్కుతా."

"సెప్పనులే అత్తా" అన్నాను. నిజానికి ఆ గుట్టు నా చేతిలో ఉండడం నాకు బాగానే ఉండింది. మరునాడు నెయ్యి గిన్నె దించి నా అన్నంలో తానే వడ్డించింది. ఇత్తడి గిన్నె, మూతకు సొట్ట.

కొన్ని నెలలకు పాప వాకిలి దాటి వీధి చివరిదాకా పరిగెత్తింది. బుగ్గలు పట్టాయి. మళ్లీ మదనపల్లె తీసుకువెళ్లాం. డాక్టరమ్మ తూచి, తక్కెడనూ పాపనూ చూసి నవ్వింది.

"చీజు బాగా పట్టిందమ్మా పాపకు."

నేను నోరు తెరిచాను. నా పంచె గుడ్డ గురించి, పొత్రం గురించి, చెనిక్కాయల పొడి గురించి ఆమెకు చెప్పుకోవాలని ఎన్ని రోజులుగానో అనుకుంటున్నాను. అంతలో అత్త అందుకుంది.

"అవునుమా! కుప్పంలో మా పెద్దకోడలుండాది. ఆయమ్మే పంపిచ్చింది."

"మంచి మనసు" అంది డాక్టరమ్మ.

బయటికి రాగానే బస్టాండులోనే అత్తను పట్టుకున్నాను. "గుడ్డ కట్టింది నేను, పిండింది నేను, తినిపిచ్చింది నేను. నీకు కండ్లు కనపడవా అత్తా? పేరు ఆమెకు పెడతావా?"

అత్త పాప నెత్తిన కొంగు కప్పింది. ఎండ మండుతోంది. "కనపడతానే ఉండాది అమ్మీ. ఆయమ్మకు ఏముండాది, సెప్పు? ఆ పేరన్నా ఉండనీ."

"నాకేముండాది?"

"బిడ్డ ఉండాది గదా నీకు" అంది.

ఆ మాటతో నా కడుపు మంట తగ్గలేదు. బిడ్డ ఉన్నవాళ్లకు పేరు అక్కరలేదా? పుంగనూరు చేరేదాకా పాపను అత్త చేతికి ఇవ్వకుండా నా ఒళ్లోనే పెట్టుకున్నాను.

తర్వాత యారాలు పాపను చూడడానికే పనిగట్టుకుని వచ్చింది. బస్సు దిగి, ఇస్త్రీ చీర నలుగుతుందని కూడా చూడకుండా పాపను చంకనెత్తుకుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుని, కళ్లు తుడుచుకుంది. నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది.

"ఎట్ల తినిపిచ్చినావు సిన్నా? ఉత్తదే తినిందా, రొట్టెలో పెట్టినావా?"

అత్తకు అప్పుడే ఆవు దగ్గర అత్యవసరమైన పని గుర్తుకొచ్చింది. నన్ను ఒంటరిగా వదిలేసి కొట్టంలోకి పోయింది.

"రొట్టెలో పెట్టినానక్కా. బొటనవేలంత కోసి" అన్నాను.

"ఇష్టంగా తినిందా?"

"తినింది."

"మొదుట్లో మొగం తిప్పుకోలేదూ? కొత్త రుసి గదా."

"ఒక్క పూట తిప్పుకునింది. మల్ల అడిగి తినింది."

ఆమె అడిగే కొద్దీ నేను చెబుతూ పోయాను. చెప్పినవన్నీ నిజమే, నా మూట గురించి అయితే. నేను పడ్డ పాటంతా ఒక్కొక్కటిగా ఆమె ఒళ్లో పోస్తున్నాను, ఆమె ఒక్కొక్కటీ దాచుకుంటోంది. చివరికి నిట్టూర్చి, "ఇంకోటి తెప్పిద్దామంటే ఆ గార్డుకు బదిలీ అయిపోయె. ఆయప్పకే ఆ అంగడి తెలుసు" అంది. దేవుడా, ఆ గార్డు ఎక్కడున్నా చల్లగా ఉండాలి అనుకున్నాను.

ఏళ్లు గడిచే కొద్దీ ఆ చీజు గడ్డ పెద్దదవుతూ పోయింది. మొదట జొన్నరొట్టె అంత అన్నారు, తర్వాత చేట అంత అన్నారు. ఊరికి పంచిన సంగతి మా వీధికి తెలుసు గాని, మిగిలినదంతా పాపకే పెట్టారని అందరి నమ్మకం. మా ఆయన కూడా ఆ లెక్కలోనే ఉన్నాడు. నేను రోజూ గుడ్డ మూట కట్టడం ఆయన చూశాడు, కాని దూలానికి వేలాడేది ఆయన దృష్టిలో వంటింటి సామానే. బంధువుల్లో ఏ పిల్ల సన్నంగా ఉన్నా, "కుప్పంలో మా వదినకు సెప్పండి" అనేవాడు. పాపకు ఆ రోజులు గుర్తు లేవు. పెద్దలు చెప్పిందే దానికి జ్ఞాపకం. "పెద్దమ్మ పంపిన చీజు తిని బాగయినానంట నేను" అని స్నేహితురాళ్లకు చెప్పేది. పక్క గదిలో నేను గిన్నెలు కాస్త గట్టిగా సర్దేదాన్ని.

ఎనభైల్లో మా అత్త పోయింది. పోయేముందు చివరి రోజుల్లో కూడా నన్ను చూసి, ఆ మాట బయటపెట్టవద్దన్నట్లు తల అడ్డంగా ఊపేది. అత్త మంచం పక్కన కూర్చుని అంతకాలం ఊరుకున్నాను. ఆమె పోయాక మాత్రం, ఇక నన్ను ఆపేవాళ్లు లేరనుకున్నాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలని భయపడే మనిషే లేదు. సమయం రావాలి, అంతే.

వచ్చింది. పాప అప్పటికి హైస్కూలు. పొడుగ్గా, గట్టిగా తయారైంది. ఖోఖో బాగా ఆడేది. కుప్పంలో బడుల మధ్య పోటీలు పెడితే పుంగనూరు పిల్లలతో అదీ వెళ్లింది. ఆట చూద్దామని నేనూ వెంట వెళ్లాను. మా పాప పరిగెత్తుతుంటే శాంతిపురం పిల్లలు ముట్టుకోలేకపోయారు. మా జట్టే గెలిచింది. ఆట అయ్యాక పంతులమ్మను అడిగి పాపను మా యారాలింటికి తీసుకువెళ్లాను.

వాకిట్లో చాప వేసింది. క్వార్టర్స్ ఆడవాళ్లు నలుగురైదుగురు చేరారు. పాప కాళ్లు చాపుకుని కూర్చుంది, మోకాళ్లకు ఎర్రమట్టి. మా యారాలు తడిగుడ్డ తెచ్చి, పక్కన కూర్చుని, మట్టి తుడవడం మొదలుపెట్టింది. ఆమె జుట్టు సగం నెరిసి ఉంది. తుడవడం అయిపోయినా చేయి తీయలేదు. పిక్క మీద అరచేయి ఆనించి, పక్కింటామెతో చెప్పింది.

"సూడు, ఎంత గట్టి కాళ్లో! మూడేండ్లప్పుడు నాలుగడుగులు ఎయ్యలేకుండా ఉండె. నేను కనలేదు, సన్నివ్వలేదు. ఐనా ఈ బిడ్డ ఎముకల్లో నా పాలుండాయి."

నా ఒళ్లు భగ్గుమంది. ఏది నోటికొస్తే అది అనేసేదాన్నే. దూలం, పంచె గుడ్డ, పొత్రం, నెలల తరబడి నేను తాగిన పుల్లటి నీళ్లు, అన్నీ గొంతులోకి వచ్చాయి. నా పిల్ల నోట్లో నీ చీజు ఒక్క పిసరు పడలేదక్కా, వక్కాకు తాతకున్నంత భాగ్యం కూడా దానికి దక్కలేదు, అనే మాట పళ్ల దాకా వచ్చింది.

పాప నవ్వుతూ నా వైపు తిరిగింది. "నిజమేనా మా? అంతా పెద్దమ్మ సీజేనా?"

అందరూ నన్నే చూశారు. మా యారాలు కూడా చూసింది. ఆమె అరచేయి పాప పిక్క మీద అలాగే ఉంది, కాని వేళ్లు కాస్త బిగుసుకున్నాయి.

"అవును పాపా" అన్నాను. "పెద్దమ్మ పంపింది తినే నువ్వు లేసి నడిసినావు."

ఆమె చేయి వదులైంది. పాప ఆమె భుజం మీదికి వాలి, ఆ నెరిసిన తలకు తన తల ఆనించింది. ఆమె కళ్లు మూసుకుంది. నా పెళ్లయినప్పటి నుంచీ ఆమె ముఖం అంత నిండుగా ఉండడం నేను చూడలేదు. చూసి నాకు కడుపు మండిపోయింది. లేచి, ఎవరూ అడగకపోయినా, కొళాయి దగ్గరకు వెళ్లి వాళ్ల గిన్నెలన్నీ తోమేశాను.